లారీ వెనకాలే వెళ్తుంటే మోగని బీప్, బైక్ దూరగానే ఎందుకు మోగింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కారు కొని మూడు నెలలైంది. ముందున్న బండిని గుద్దబోతుంటే బీప్ కొట్టి హెచ్చరించే సిస్టమ్ అందులో ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ ఒక లారీ వెనకాల ఏడెనిమిది మీటర్ల దూరంలో చాలాసేపు నడిపారు, అది నోరు మెదపలేదు. అదే రోజు ఎల్బీనగర్ దగ్గర పక్క నుంచి ఒక బైక్ దూరేసరికి గగ్గోలు పెట్టింది. మీ నాన్నగారేమో "అవసరమైనప్పుడు మోగదు, అక్కర్లేనప్పుడు మోగుతుంది, ఆపేయరా" అంటున్నారు. సెన్సర్ పాడైందా, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలా, నాన్నగారి మాట వినాలా అని అడిగారు.

పాడవలేదండి. రెండుసార్లూ అది చేయాల్సిన పనే చేసింది. పదేళ్లకు పైగా ఈ రాడార్లు, కెమెరాల టెస్టింగ్‌లోనే ఉన్నాను. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న కూడా ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందున్న బండి ఎంత దూరంలో ఉందన్నది ఈ సిస్టమ్‌కి పెద్ద లెక్క కాదు. ఇద్దరూ ఇప్పుడున్న వేగంతోనే వెళ్తే ఎన్ని సెకన్లలో గుద్దుకుంటారన్నదే దాని లెక్క. దీన్ని టైమ్ టు కొలిజన్ అంటారు, మా వాళ్లు టీటీసీ అని పొట్టిగా పిలుస్తారు. మధ్యలో ఉన్న దూరాన్ని, రెండు బండ్ల వేగాల తేడాతో భాగిస్తే వచ్చేదే టీటీసీ. ఇప్పుడు మీ లారీ సంగతి చూడండి. లారీ 60లో వెళ్తోంది, మీరూ 60లోనే వెళ్తున్నారు. వేగంలో తేడా సున్నా. ఎనిమిది మీటర్లను సున్నాతో భాగిస్తే ఏమొస్తుంది? ఆ లెక్క ప్రకారం మీరు ఆ లారీని ఎప్పటికీ గుద్దరు. అందుకే మోగలేదు.

బైక్ విషయానికి వద్దాం. మీరు 50లో ఉన్నారనుకుందాం. బైక్ 30లో పది మీటర్ల ముందు మీ దారిలోకి దూరింది. తేడా గంటకు 20 కి.మీ., అంటే సెకనుకు సుమారు 5.6 మీటర్లు. పదిని 5.6తో భాగిస్తే 1.8 సెకన్లు. దాదాపు ఏ కంపెనీ లెక్కలో చూసినా ఇది మోగాల్సిన సమయమే. ఆ బైక్ అతను క్షణంలో వేగం పెంచి వెళ్లిపోతాడని మీకు తెలుసు, ఎల్బీనగర్‌లో నడిపే ప్రతివాడికీ తెలుసు. కారుకు మాత్రం తెలియదు.

అలాగని లారీ వెనకాల ఎనిమిది మీటర్లలో వెళ్లడం క్షేమం అనుకోకండి. మీ నాన్నగారి కోపంలో సగం న్యాయం ఉన్నది ఇక్కడే. ఆ లారీ డ్రైవర్ ఉన్నట్టుండి గట్టిగా బ్రేక్ కొట్టాడనుకోండి. సెకను సెకనుకూ అతని వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున పడిపోతుంటే, మీరు బ్రేక్ తొక్కకపోతే ఆ ఎనిమిది మీటర్లు దాదాపు 1.6 సెకన్లలో అయిపోతాయి. లారీ నెమ్మదిస్తోందని సెన్సర్ నిర్ధారించుకోవడానికి కొంత సమయం పోతుంది. బీప్ విని మీ కాలు బ్రేక్ మీదకు వెళ్లడానికి సెకను నుంచి సెకనున్నర పడుతుంది. ఇక మిగిలేదేమీ లేదు. బీప్ మోగుతుంది, మోగుతుండగానే గుద్దుతారు. వెనకాల ఆనుకుని వెళ్లేవాణ్ణి కాపాడటానికి ఈ సిస్టమ్‌ని తయారు చేయలేదు. ముందు చూడకుండా ఫోన్ వైపో, వెనక సీట్లో పిల్లల వైపో తల తిప్పినవాడి కోసం చేశారు. కొన్ని కార్లలో ముందు బండికీ మనకూ ఎన్ని సెకన్ల ఎడం ఉందో మీటర్ మీద విడిగా చూపిస్తారు. మీ కారులో అది ఉంటే తప్పకుండా ఆన్ చేసుకోండి. 60లో వెళ్తూ రెండు సెకన్ల ఎడం ఉంచాలంటే 33 మీటర్లు కావాలి. మీరు ఉంచింది అర సెకను.

ఇంతకీ ఎన్ని సెకన్లు మిగిలినప్పుడు మోగాలి? ఇది కంపెనీని బట్టి, సెట్టింగ్‌ని బట్టి మారుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పెట్టిన పరీక్షలు చూస్తే ఒక అంచనా వస్తుంది. కారు 72 కి.మీ. వేగంతో ఆగి ఉన్న బండి వైపు వెళ్తుంటే కనీసం 2.1 సెకన్ల ముందే హెచ్చరించాలి. ముందు బండి 32 కి.మీ. వేగంతో నెమ్మదిగా వెళ్తుంటే 2 సెకన్లు చాలు. ముందు బండి ఒక మోస్తరుగా బ్రేక్ వేస్తే 2.4 సెకన్లు కావాలి.

రెండు సెకన్లంటే చాలా తక్కువ అనిపిస్తుంది. నాలుగు సెకన్ల ముందే మోగిస్తే పోయేది కదా అని నా మొదటి ఉద్యోగంలో నేనే మా మేనేజర్‌ని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా నాలుగు సెకన్లకు సెట్ చేసిన కారిచ్చి ఊరి మధ్య తిప్పి రమ్మన్నారు. అరగంటలో పిచ్చెక్కింది. ప్రతి రెడ్ సిగ్నల్ దగ్గరా, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మోగుతుంది. ముందు బండి ఎడమకు తిరగడానికి నెమ్మదించినా మోగుతుంది. నేను మామూలుగా బ్రేక్ వేయబోయే సమయానికి ఇది ఒక సెకను ముందే అరుస్తుంది. అలాంటి బీప్‌ని ఎవరైనా వారంలో ఆపేస్తారు. అందుకే ఇంజనీర్లు గీత గీసేది "మామూలు డ్రైవర్ ఈపాటికి బ్రేక్ వేసి ఉండాలి, ఇంకా వేయలేదు" అనిపించే చోట. ఆలస్యంగా మోగితే ప్రమాదం, ముందుగా మోగితే విసుగు. ఈ రెంటి మధ్య నలిగే పనే మాది.

ఆ గీత ఎంత సన్నగా ఉంటుందో చూడండి. 70లో వెళ్తున్నారు, ముందు లారీ ఆగి ఉంది, 2.5 సెకన్ల ముందు బీప్ వచ్చింది. అప్పటికి మధ్యలో దాదాపు 49 మీటర్లు ఉన్నాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు. మీరు ఒక సెకనులో బ్రేక్ తొక్కితే లారీకి అయిదు మీటర్ల దూరంలో ఆగుతారు. ఒకటిన్నర సెకను తీసుకుంటే దాదాపు 30 కి.మీ. వేగంతో గుద్దుతారు. ఇక అదే 2.5 సెకన్ల బీప్ 100లో వెళ్తుండగా వస్తే, ఒకటిన్నర సెకనుకు తొక్కినవారు సుమారు 65 వేగంతో గుద్దుతారు. బీప్ ఒక్కటే, లోపలి సాఫ్ట్‌వేర్ ఒక్కటే, మారింది వేగం మాత్రమే.

ఇప్పుడు అది చూసేదెలాగో చెబుతాను. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

ముందు అద్దం పైభాగంలో, లోపలి అద్దం వెనకాల ఒక కెమెరా ఉంటుంది. చాలా కార్లలో బంపర్ జాలీలోనో లోగో వెనకాలో రాడార్ కూడా ఉంటుంది. కొన్ని కార్లలో కెమెరా మాత్రమే ఉంటుంది. ఒంటి కన్నున్న కెమెరాకు దూరం ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. గాల్లోకి లేచిన బంతిని పట్టబోయే ఫీల్డర్‌ని తలుచుకోండి. బంతి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అతనికి తెలియదు, కంటికి అది ఎంత త్వరగా పెద్దదవుతోందో తెలుస్తుంది, అంతే. కెమెరా కూడా అదే పని చేస్తుంది. ఫొటోలో లారీ వెనక భాగం వెడల్పు 60 పిక్సెళ్లు ఉంది. 0.2 సెకన్ల తర్వాత 66 అయింది. ఆరు పెరగడానికి 0.2 సెకన్లు పట్టింది. మొదటి వెడల్పు 60ని ఆ ఆరుతో భాగిస్తే పది. పది రెట్లు 0.2 అంటే 2 సెకన్లు. అదే టీటీసీ! లారీ దూరమెంతో, వేగమెంతో తెలియకుండానే లెక్క తేలిపోయింది. డ్రైవర్లు కూడా బ్రేక్ ఎప్పుడు వేయాలో ఇలాగే అంచనా వేయగలరని డేవిడ్ లీ అనే మానసిక శాస్త్రవేత్త 1976లోనే ప్రతిపాదించాడు. ఒకే కెమెరాతో దీన్ని కార్లలోకి తెచ్చి పేరు తెచ్చుకున్నది 1999లో జెరూసలేంలో మొదలైన మొబైల్‌ఐ.

రాడార్ దారి వేరు. అది 76, 77 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగాలు పంపుతుంది. ఒక్కో తరంగం పొడవు నాలుగు మిల్లీమీటర్ల లోపే. 60 మీటర్ల దూరంలోని లారీకి తగిలి ఆ తరంగం తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతుల్లో 0.4 వంతు చాలు. అంత చిన్న వ్యవధిని నేరుగా కొలవడం కష్టం. అందుకని తరంగం ఫ్రీక్వెన్సీని క్రమంగా పెంచుతూ పంపి, తిరిగొచ్చిన దానికీ ఇప్పుడు పంపుతున్న దానికీ ఫ్రీక్వెన్సీలో తేడా చూస్తారు. ఆ తేడాయే దూరం చెబుతుంది. ఇక వేగం సంగతి మీకు తెలిసిందే. రైలు దగ్గరికొస్తుంటే హారన్ సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే సూత్రం. రాడార్ ముందు బండి వేగాన్ని నేరుగా కొలుస్తుంది. చీకటైనా, మంచు పట్టినా దానికి పెద్ద తేడా ఉండదు.

ఇంత గొప్పదైనా దానికీ ఒక లోపం ఉంది. తరంగం దేనికి తగిలి వచ్చిందో రాడార్‌కి సరిగ్గా తెలియదు. ఎత్తు విషయంలో మరీ కష్టం. రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత, ఫ్లైఓవర్ మీద ఇనుప జాయింట్, పైన వేలాడే సైన్ బోర్డు, ఆగి ఉన్న లారీ అన్నీ దానికి "కదలని ఇనుప వస్తువు" లాగే కనిపించవచ్చు. ప్రతి సైన్ బోర్డు కిందా మోగితే ఎవరూ భరించలేరు. అందుకే పాత రాడార్ సిస్టమ్‌లు మొదటి నుంచీ కదలకుండా ఉన్న వస్తువులను చాలావరకు పట్టించుకోకుండా వదిలేసేవి. ఇప్పుడు కొత్తవాటిలో రాడార్ చెప్పినదాన్ని కెమెరాతో సరిచూసుకుంటారు. రాడార్ "అక్కడేదో ఉంది" అంటే, కెమెరా "అవును, అది లారీయే" అనాలి. ఇద్దరూ ఒప్పుకుంటే ధైర్యంగా మోగుతుంది.

ఒప్పుకోకపోతేనే చిక్కు. మన హైవేల మీద నాకు ఎక్కువ భయం వేసేది కూడా అక్కడే. రాత్రి పూట సూర్యాపేట దాటాక దాబాల దగ్గర లారీలు సగం రోడ్డు మీద, సగం మార్జిన్‌లో ఆపి ఉంటాయి. వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. కెమెరాకు నల్లటి చీకటి తప్ప ఏమీ కనిపించదు. రాడార్‌కి కనిపిస్తుంది కానీ కదలనిది, పైగా సగమే దారిలో ఉంది. కారు నిర్ణయం తీసుకునేలోపు మీ హెడ్‌లైట్ వెలుగు లారీ మీద పడుతుంది, ఆ పాటికి ఆలస్యమైపోతుంది. అలాంటి చోట బీప్ వస్తుందని నమ్ముకోవద్దు. నేనైతే రాత్రి ఆ రోడ్డు మీద 80 దాటను.

గడ్డి ట్రాక్టర్ ఇంకో తలనొప్పి. నాలుగు వైపులా గడ్డి వేలాడుతూ, చక్రాలు కూడా కనపడకుండా, కదిలే గడ్డివాములా ఉంటుంది. బండ్ల ఆకారాలు నేర్చుకున్న కెమెరా దాన్ని బండిగా గుర్తుపట్టకపోవచ్చు. ఇనుప చువ్వల లోడు అంతకన్నా ప్రమాదం. చువ్వలు ట్రాలీ వెనక రెండు మీటర్లు పొడుచుకొచ్చి ఉంటాయి. కారు కొలిచేది ట్రాలీ వరకు ఉన్న దూరాన్ని. చువ్వల చివర కట్టిన ఎర్ర గుడ్డ మీకోసమే, కెమెరా కోసం కాదు. గేదెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇనుముతో పోలిస్తే ప్రాణుల నుంచి రాడార్‌కి తిరిగొచ్చే తరంగం చాలా బలహీనం, నల్ల గేదె రాత్రి కెమెరాకూ కనపడదు.

ఏ బండి నా దారిలో ఉంది, ఏది పక్క దారిలో ఉంది అన్నది ఇంకో ప్రశ్న. కారు స్టీరింగ్‌ను, బండి తిరిగే తీరును చూసి ముందు ఒక వంపు గీసుకుంటుంది. ఆ వంపులో ఉన్నవాటినే పట్టించుకుంటుంది. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మొదలయ్యేముందు మీ స్టీరింగ్ ఇంకా తిన్నగానే ఉంటుంది. అప్పుడు దాని వంపు ఎదురుగా ఉన్న రెయిలింగ్‌లోకో, ఎదురొచ్చే బస్సులోకో వెళ్తుంది. అక్కడ ఒకటి రెండు దొంగ బీప్‌లు వస్తే కంగారు పడకండి. అలాగే మీరు ఓవర్‌టేక్ కోసం ఇండికేటర్ వేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, చాలా కార్లు "ఇతనికి తెలిసే చేస్తున్నాడు" అనుకుని బీప్‌ని ఆలస్యం చేస్తాయి. బ్రేక్ మీద అప్పటికే కాలు ఉన్నా అంతే.

ఈ వంపు విషయంలో చిన్న తేడా కూడా పెద్దదే. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్ల తేడా వస్తుంది. హైవేలో ఒక లేన్ మూడున్నర మీటర్లు. అంటే సగం లేన్ తప్పు. ఇది నాకు స్వయంగా అనుభవం. రెండేళ్ల కిందట రాయి తగిలి మా కారు ముందు అద్దం పగిలింది. నేను ఊళ్లో లేను, ఇంట్లోవాళ్లు ఒక వర్క్‌షాప్‌లో మార్పించారు. "కెమెరా తీసి మళ్లీ పెట్టాం సార్, అంతా ఓకే" అన్నారట. తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఎడమ పక్క ఆగి ఉన్న ఆటోలకు మోగడం మొదలైంది. చూపిస్తే డిగ్రీ కంటే కాస్త ఎక్కువే తేడా ఉంది. అద్దం మారిస్తే కెమెరాకు కాలిబ్రేషన్ చేయాలి, అంటే దాని చూపు తిన్నగా ఉందో లేదో కొలిచి సరిచేయాలి. కొన్ని కార్లకు ఎదురుగా ప్రత్యేకమైన బోర్డు నిలబెట్టి చేస్తారు, కొన్నింటిని నిర్ణీత వేగంతో రోడ్డు మీద నడిపి చేస్తారు, కొన్నింటికి రెండూ కావాలి. రాడార్ ఉన్న బంపర్‌కి పుట్టీ పెట్టి రంగు వేస్తే కూడా ఇదే గొడవ. మెటాలిక్ రంగు, మందమైన పుట్టీ రాడార్ తరంగాన్ని మింగేస్తాయి.

మన దగ్గర మాత్రమే వచ్చే ఒక ఫిర్యాదు కూడా ఉంది. దసరా మర్నాడు సర్వీస్ సెంటర్లకు "రాడార్ బ్లాక్ అయింది అని మీటర్ మీద వస్తోంది" అంటూ ఫోన్లు వస్తాయి. తీరా చూస్తే లోగో మీద తడి బంతిపూల దండ. నీళ్లు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటాయి, తడి పూలు కూడా అంతే. నిమ్మకాయ, మిరపకాయల దండ రాడార్ మూతకు సరిగ్గా ఎదురుగా వేలాడితే అదే కథ. పూజ చేసుకోండి, దండ వేయండి, కాకపోతే కాస్త పక్కకు కట్టండి. అద్దం పైభాగాన కెమెరా ముందు స్టిక్కర్లూ, డ్యాష్‌క్యామ్ పెట్టకండి.

ఆపేయాలా అన్న ప్రశ్నకు నా జవాబు, ఆపొద్దు. అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే భద్రతా సంస్థ అసలు ప్రమాదాల లెక్కలు తీసి చూసింది. హెచ్చరిక మాత్రమే ఉన్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దడం 27 శాతం తగ్గింది. హెచ్చరికతో పాటు తనంతట తాను బ్రేక్ వేసే ఏర్పాటు కూడా ఉంటే 50 శాతం తగ్గింది. అవి వాళ్ల రోడ్ల లెక్కలు, మన దగ్గర అంతే వస్తుందని నేను అనను. కానీ బీప్ ఒక్కటే ఉన్నదానికీ, బీప్‌తో పాటు బ్రేక్ కూడా ఉన్నదానికీ ఎంత తేడా ఉందో గమనించండి. మీ కారులో రెండూ ఉన్నాయో, బీప్ ఒక్కటే ఉందో మాన్యువల్‌లో చూసుకోండి. ఒకే కారులో కూడా వేరియంట్‌ని బట్టి మారుతుంది. ఏ వేగం నుంచి పనిచేస్తుంది, మనుషుల్నీ బైకుల్నీ గుర్తిస్తుందా అన్నదీ అక్కడే రాసి ఉంటుంది.

మీ విసుగు తగ్గడానికి సెట్టింగ్ మార్చుకోండి. చాలా కార్లలో ముందుగా, మామూలుగా, ఆలస్యంగా అని మూడుంటాయి. సిటీలో ఆలస్యంగా పెట్టుకుంటే బైకుల గోల చాలావరకు తగ్గుతుంది. హైవే ఎక్కేముందు మళ్లీ ముందుగాకి మార్చండి. మర్చిపోతాననుకుంటే మామూలులోనే ఉంచి ఎల్బీనగర్‌లో నాలుగు బీప్‌లు భరించండి.

ఒక్క పని మాత్రం చేయకండి. కొత్త కారు కొన్న ఉత్సాహంలో కొందరు ఖాళీ రోడ్డు మీద అట్టపెట్టె పెట్టి దాని మీదకు నడిపి వీడియో తీస్తున్నారు. అట్టపెట్టె రాడార్‌కి దాదాపు కనిపించదు, కెమెరాకు అది బండి కాదు. మోగకపోతే పాడైందని కాదు, మోగితే బాగుందని కూడా కాదు. ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో ఉన్న నాట్రాక్స్ లాంటి ట్రాకుల మీద మేం గుద్దేది నిజం కారులా కనపడేలా, రాడార్‌కి కూడా కారులాగే తోచేలా తయారుచేసిన మెత్తటి బొమ్మ కారుని. తమ్ముణ్ణి ఎదురుగా నిలబెట్టి చూసిన మహానుభావుడు కూడా నాకు తెలుసు. తమ్ముడు బాగానే ఉన్నాడు, అదృష్టం.

సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సింది మీటర్ మీద హెచ్చరిక దీపం పోకుండా ఉంటే, తిన్నటి ఖాళీ రోడ్డు మీద పదే పదే మోగుతుంటే, లేదా అద్దం, బంపర్ పని జరిగాక. అప్పుడు కూడా "చెక్ చేశాం, బాగుంది" అనే మాట చాలదు, కాలిబ్రేషన్ రిపోర్ట్ ప్రింట్ అడగండి. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ లేవు కాబట్టి ఇప్పుడు వెళ్లక్కర్లేదు. కాకపోతే కారు ముందుకెళ్లి ఒకసారి చూడండి, మూడు నెలల కిందట షోరూంలో పూజ చేసి కట్టిన నిమ్మకాయ ఇంకా అక్కడే వేలాడుతోందేమో.